రాత్రి పదింటికి మొదలయ్యే పొద్దుటి కాఫీ

మా ఇంట్లో పొద్దుటి కాఫీ రాత్రి పదింటికి మొదలవుతుంది. భోజనాలయ్యి, గిన్నెలు సర్దాక, మా ఆవిడ టీవీ కట్టేసేలోపు నేను ఫిల్టర్‌లో పొడి వేసి వేడినీళ్ళు పోసేస్తాను. తెల్లారి అయిదింటికి లేచేసరికి, చిల్లులున్న పై గిన్నెలోంచి కారి, కింది గిన్నెలో డికాక్షన్ ఉంటుంది. ఇక పాలు కాచుకోవడమే. ఫిల్టర్ కాఫీ కుదరడం లేదని నా దగ్గర వాపోయేవాళ్ళలో సగం మంది పొద్దున్నే నిద్రమత్తులో పొడి వేసి, నీళ్ళు పోసి, చుక్క పడటం లేదని ఫిల్టర్ నెత్తిన మొట్టికాయలు వేసేవాళ్ళే. ఆ కంగారులో ఏదీ కుదరదు. వాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, రాత్రే వేసుకోండి అని.

నేను పుట్టింది విజయనగరం దగ్గర పల్లెటూళ్ళో. మా చిన్నప్పుడు ఇంట్లో పొద్దున చోడి (రాగి) అంబలి, చుట్టాలొస్తే టీ. కాఫీ అంటే పెళ్ళిళ్ళలో పెద్ద డేగిసాలో కాచే తియ్యటి ముదురు నీళ్ళే నాకు తెలుసు. 1987లో చిత్తూరు అల్లుణ్ణయ్యాను. మొదటిరోజు మా అత్తగారు చేతికిచ్చిన ఇత్తడి గ్లాసు, దాని కింద పెట్టే అంచు గిన్నె దవరా చూసి రెంటిలో ఏది నోటికి పెట్టుకోవాలో తెలియక కాసేపు దిక్కులు చూశాను. "ఏం బాబూ, కాఫీ బాగాలేదా?" అన్నారావిడ తలుపు చాటు నుంచి. తాగాక మాత్రం సిగ్గు విడిచి ఇంకో గ్లాసు అడిగాను. కాఫీ తాగడం అలా చిత్తూరులో నేర్చుకున్నాను. గింజ సంగతి తెలిసింది మాత్రం ఆ తర్వాత, అరకు కొండల్లో. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా 1991 నుంచి 1995 దాకా కొత్తవలస-కిరండూల్ లైనులో పనిచేశాను. రాత్రీ పగలూ బైలదిల్లా గనుల ఇనప ఖనిజం మోసే గూడ్సు బళ్ళు. స్టేషను వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు.

ముందు ఒక నోటుబుక్కు కొనండి

రైల్వే నాకు అంటించిన జబ్బు ఒకటుంది. ఏది జరిగినా టైము వేసి రాయడం. బండి వచ్చిన టైము, లైన్ క్లియర్ ఇచ్చిన టైము, బండి వెళ్ళిన టైము. రిటైరయ్యాక రాయడానికి బళ్ళు లేక డికాక్షన్ గురించి రాయడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరూ నవ్వారు. కానీ ముప్ఫయ్యేళ్ళు తాగినా తెలియనిది ఆ నోటుబుక్కు మూడు నెలల్లో చెప్పింది. కాఫీ పాడైన రోజుల్లో మేము పొడిని తిట్టేవాళ్ళం, కొట్టు మార్చేవాళ్ళం. తీరా చూస్తే చాలాసార్లు తేడా పొడిలో లేదు, కొలతలో ఉంది.

అయిదు గడులు చాలు. తేదీ, పొడి బరువు, పోసిన నీళ్ళు, దిగడానికి పట్టిన సమయం, చివరి గడి మా ఆవిడది. అందులో తను ఏమంటే అదే రాస్తాను. "చేదు", "నీళ్ళు", "పర్లేదు", "ఊఁ". "ఊఁ" అన్నిటికన్నా పై మార్కు. ఏడాదికి పది వస్తే ఎక్కువ.

దీంట్లో ఒకటే నియమం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కాఫీ పల్చగా ఉందని పొడి పెంచి, నీళ్ళు తగ్గించి, గట్టిగా నొక్కి, కొత్త పాల పాకెట్టు తెచ్చి అన్నీ ఒకేరోజు చేస్తే రేపు ఏది పనిచేసిందో మీకే తెలీదు. ఇవాళ పొడి ఒక్కటే మార్చండి. రేపు నీళ్ళు.

పొడి కొలవడానికి వంటింటి డిజిటల్ త్రాసు కావాలి. చెంచాతో కుదరదా అంటే తర్వాత కుదురుతుంది. మొదట్లో వద్దు, ఎందుకంటే కుప్పగా తీసిన చెంచా చెయ్యికీ చెయ్యికీ మారుతుంది. మా ఆవిడ నాలుగు చెంచాలు, నా నాలుగు చెంచాలు తూచి చూస్తే ఆరు గ్రాముల తేడా వచ్చింది. ఎవరివి ఎక్కువో చెప్పను.

మా మధ్యరకం ఫిల్టర్‌కి లెక్క ఇది: పొడి 30 గ్రాములు, నీళ్ళు 200 మిల్లీలీటర్లు. పొడి తన బరువుకి దాదాపు రెండింతల నీళ్ళు తనలోనే పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి 200 పోస్తే కిందికి దిగేది 140. కప్పుకి 35 చొప్పున నాలుగు కప్పులు. ఒక్కో కప్పుకి పాలు 100. మీకు కాస్త ఘాటుగా కావాలంటే పాలు తగ్గించండి, నీళ్ళు తగ్గించే ముందు. నీళ్ళు మరీ తక్కువైతే పొడిలోని రుచి సగం పొడిలోనే ఉండిపోతుంది, డబ్బు సింకులో పోసినట్టే.

గింజ, వేపు

అరకు వైపు కాఫీ పళ్ళు నవంబరు నుంచి ఎర్రబడతాయి. ఎర్రవి మాత్రమే కోయాలి. కొమ్మ పట్టుకుని పచ్చివీ పండినవీ కలిపి దూసేస్తే, ఆ పచ్చివాటి వగరు తర్వాత ఎవరేం చేసినా పోదు. మార్చి, ఏప్రిల్‌లో ఒక వాన పడితే వారం పది రోజులకి కొండ మొత్తం తెల్లటి పూలు పూస్తాయి. మల్లెపూల వాసన. రెండు మూడు రోజులకే వాడిపోతాయి. ఆ రోజుల్లో నైట్ డ్యూటీ అంటే నాకు కష్టం అనిపించేది కాదు.

మా స్టేషన్లో పాయింట్స్‌మన్ (బళ్ళకి పట్టాలు మార్చే ఉద్యోగి) ఒకాయన పక్క ఊరి గిరిజనుడే. అరెకరం కాఫీ ఉండేది. విచిత్రం ఏమిటంటే వాళ్ళింట్లో ఎవరూ కాఫీ తాగేవారు కాదు. పండించి, ఎండబెట్టి, అమ్మేయడమే. నేను అడిగితే ఒక రోజు కిలో పచ్చి గింజలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎలా వేపాలో అతనికీ తెలీదు, నాకూ తెలీదు. స్టేషన్ వెనక కట్టెల పొయ్యి మీద ఇద్దరం కలిసి మొదటి వాయి బొగ్గు చేశాం. రెండోది సగం బొగ్గు. మూడోది తాగాం. ఇప్పుడు గిరిజన సహకార సంస్థ వాళ్ళ అరకు కాఫీ ఊరూరా దొరుకుతోంది, 2019లో అరకు వ్యాలీ అరబికా అనే కాఫీ రకానికి భౌగోళిక గుర్తింపూ (జీఐ) వచ్చింది. అప్పట్లో అరకు కాఫీ అంటే చాలామందికి తెలిసేది కాదు.

ఇంట్లో వేపుకోవడం తప్పనిసరి కాదు. కానీ ఒక్కసారైనా వేపి చూడండి. పచ్చి గింజలు 250 గ్రాములు, మందపాటి ఇనప మూకుడు, పొడుగు కాడ గరిటె. నాన్‌స్టిక్ వద్దు, అంత వేడికి ఆ పూత పాడవుతుంది. కిటికీలు తెరిచి పెట్టండి, చివర్లో పొగ బాగా వస్తుంది. మంట మధ్యస్థంగా పెట్టి, ఆపకుండా కలుపుతూ ఉండాలి. ఫోను వస్తే ఎత్తకండి.

మొదట గింజ పసుపురంగుకి తిరిగి గడ్డి వాసన వేస్తుంది. తర్వాత వేపిన ధాన్యం వాసన. పది పన్నెండు నిమిషాలకి పేలాలు పేలినట్టు ఒక్కొక్కటే టప్ టప్ మంటుంది. అది మొదటి పేలుడు. అక్కడ దించితే తేలిక వేపు, పులుపు ఎక్కువ. పాలల్లో కలిపే ఫిల్టర్ కాఫీకి అది చాలదు. ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉండండి. ఈసారి శబ్దం సన్నగా, గబగబా వస్తుంది. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు. ఆ రెండో చిటపట మొదలవ్వగానే పొయ్యి కట్టేసి మూకుడు దించేయాలి. అర నిమిషం ఆలస్యమైతే పాయింట్స్‌మన్‌తో కలిసి నేను చేసిన బొగ్గే.

దించిన గింజలు మూకుడులో వదిలేస్తే ఆ వేడికే ఇంకా మాడతాయి. వెంటనే చేటలోకి ఒంపి చెరగండి. పొట్టు ఎగిరిపోతుంది, గింజ చల్లారుతుంది. ఇది బాల్కనీలో చేయండి. హాల్లో ఫ్యాను కింద చేసి నేను తిన్న తిట్లు నోటుబుక్కులో రాయలేదు. 250 గ్రాములు వేపితే 210కి అటూ ఇటూగా మిగులుతుంది. డబ్బాలో పోసి కనీసం ఒక రోజు ఆగండి. కొత్తగా వేపిన గింజలోంచి గ్యాసు బయటికి పోవాలి. లేకపోతే నీళ్ళు పోయగానే పొడి బుసబుసా పొంగుతుంది, రుచి సరిగ్గా దిగదు.

కొట్లో కొనేవాళ్ళకి రెండు మాటలు. అరబికాది సువాసన, కాస్త పులుపు. రోబస్టాది చేదు, చిక్కదనం. కెఫీన్ దాంట్లో ఇంచుమించు రెట్టింపు. ఉత్త అరబికా పాలల్లో కొంచెం తేలిపోతుంది. అందుకే నేను మూడు వంతులు అరబికాకి ఒక వంతు రోబస్టా కలుపుతాను. పీబెర్రీ అని ఎక్కువ డబ్బు తీసుకుంటారు చూశారా, అది వేరే జాతేమీ కాదు. మామూలుగా ఒక పండులో రెండు బద్దలుంటాయి, ఎప్పుడైనా రెండింటికి బదులు ఒకటే గుండ్రటి గింజ ఉంటుంది. గుండ్రంగా ఉండటం వల్ల సమానంగా వేగుతుంది. నాకు మాత్రం ఆ ధర తేడా నాలుక మీద తెలియలేదు.

చికోరీ గొడవ

మా ఇంట్లో చికోరీ అంటే కాపురాలు కదిలే విషయం. చిత్తూరు వాళ్ళకి అది లేనిదే కాఫీ కాదు. నాకు ఒద్దు. చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేపి పొడి చేస్తారు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండుతుంది. దాంట్లో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, ఒక రకం తియ్యచేదు ఇస్తుంది. కల్తీ అని తిట్టనక్కర్లేదు, ఎంత కలిపారో పాకెట్ మీద రాసినంత కాలం. నిబంధన ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే 49 శాతం వేరు కొనుక్కుంటున్నా చట్టం ఒప్పుకుంటుంది. అందుకే పాకెట్ తిప్పి చదవండి.

విడిగా మరపట్టించి ఇచ్చే కొట్టు దగ్గర ఇంకా జాగ్రత్త. ఒకచోట 80:20 అని, అంటే కాఫీ 80, చికోరీ 20, అడిగి తెచ్చుకున్నాను. డికాక్షన్ తారులా నల్లగా, రెండు గంటలైనా దిగలేదు. నోటుబుక్కులో ఆ పొడి ఉన్నన్నాళ్ళూ "చేదు" అనే ఉంది. అప్పుడు గ్లాసుడు చల్లటి నీళ్ళు తీసుకుని పైన చిటికెడు పొడి చల్లి చూశాను. కాఫీ పొడి కాసేపు నీళ్ళ మీద తేలుతుంది. చికోరీ వెంటనే మునిగి, దిగుతున్న దారంతా గోధుమరంగు గీతలు వదులుతుంది. ఆ గ్లాసు వానాకాలం గెడ్డలా, అదే వాగులా, మారిపోయింది. కొట్టు మార్చాను. మా ఆవిడా నేనూ చివరికి 90:10 దగ్గర సంధి చేసుకున్నాం. పెద్ద పండగలకి, వాళ్ళ అన్నయ్య వచ్చినప్పుడు, 80:20.

చికోరీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. కాబట్టి అది ఎక్కువ ఉన్న పొడిని తక్కువగా నొక్కాలి.

ఫిల్టర్ వేయడం

ఫిల్టర్ పొడిగా ఉండాలి. తడి గిన్నెలో పొడి వేస్తే చిల్లులకి అంటుకుని మూసేస్తుంది. పొడి బొంబాయి రవ్వ కన్నా సన్నంగా, గోధుమపిండి కన్నా బరకగా ఉండాలి. మిక్సీలో అయితే మూడేసి సెకన్లు తిప్పి ఆపండి, జార్ ఊపండి, మళ్ళీ తిప్పండి. ఒకే ఊపున తిప్పితే వేడెక్కి వాసనంతా వంటింట్లోనే అయిపోతుంది, గ్లాసుకి మిగలదు.

పై గిన్నెలో పొడి వేసి, పక్కన రెండుసార్లు మెల్లగా తట్టి చదును చేయండి. మీద కాడ ఉన్న చిల్లుల బిళ్ళ పెట్టండి. మా ఇంట్లో దాన్ని గొడుగు అంటాం. ఎంత నొక్కాలి అన్నది అందరూ అడుగుతారు. ఇస్త్రీ చేసిన చొక్కా మడత మీద చెయ్యి ఆనించినంత. అంతే. బలం చూపిస్తే రాత్రంతా చుక్క పడదు. గొడుగుని కొందరు తీసేస్తారు, నేను ఉంచేస్తాను. నీళ్ళు పోసినప్పుడు పొడి మధ్యలో గుంట పడకుండా కాపాడుతుంది.

నీళ్ళు తెర్లాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. ముందు పావు వంతు, అంటే 50 మిల్లీలీటర్లు, చుట్టూ తిప్పుతూ పోయండి. పొడి కాస్త పొంగి బుడగలు వస్తే తాజాగా ఉన్నట్టు. ఏ కదలికా లేకుండా మట్టిలా తడిసి ఊరుకుంటే ఆ పొడి వయసైపోయినట్టు. ముప్ఫై నలభై సెకన్లు చూసి మిగతా 150 పోసి మూత పెట్టేయండి. ఇక ముట్టుకోకండి.

ఇరవై నుంచి ముప్ఫై నిమిషాల్లో దిగితే లెక్క సరిపోయింది. అయిదు నిమిషాల్లో జర్రున దిగిపోతే పొడి బరక, లేదా అసలు నొక్కలేదు. గంటైనా దిగకపోతే పొడి మరీ సన్నం, లేదా నొక్కుడు ఎక్కువ, లేదా చిల్లులు పూడుకున్నాయి. ఇవేవీ కాకపోతే ఇంకొకటుంది, అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కొత్త స్టీలు ఫిల్టర్లలో పై గిన్నె కింది గిన్నెలో బిగుసుకుని కూర్చుంటుంది. కింద ఉన్న గాలి బయటికి పోయే దారి లేక నీళ్ళని పైకి ఎత్తి పట్టుకుంటుంది. పై గిన్నెని గోరు మందం ఎత్తి వదలండి. టప్‌మని చుక్క పడుతుంది. ముప్ఫయ్యేళ్ళు నేను మొట్టికాయలు వేసింది పాపం ఆ గాలి కోసం.

నీళ్ళ గురించి ఒక్క మాట. మా వీధి బోరు నీళ్ళు బాగా కఠినం, పప్పు కూడా ఉడకదు. వాటితో చేసిన డికాక్షన్ మొద్దుగా, వాసన లేకుండా వస్తుంది. మీరు తాగే నీళ్ళే కాఫీకీ వాడండి.

మిగిలిన డికాక్షన్ గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే ఒక రోజు బాగుంటుంది. తిన్నగా పొయ్యి మీద మాత్రం పెట్టకండి, మరిగిన డికాక్షన్ కషాయమే. వేడినీళ్ళ గిన్నెలో సీసా దించితే చాలు. అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోయడం మా అత్తగారింట్లో ఉండేది. ఆ రెండో డికాక్షన్ ఎవరికిచ్చేవారో చెబితే చిత్తూరులో నాకు చుట్టరికాలు మిగలవు.

పాలు

డికాక్షన్ ఎంత బాగా వచ్చినా పాలు నీళ్ళగా ఉంటే అంతా వృథా. పాకెట్ పాలు అయితే ఫుల్ క్రీమ్ కొనండి, దాంట్లో వెన్న 6 శాతం. టోన్డ్‌లో 3 శాతమే. నీళ్ళు కలపొద్దు. పాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే కాబట్టి కాఫీకి మరగబెట్టనక్కర్లేదు. అంచుల్లో చిన్న బుడగలు కట్టి, ఆవిరి లేచి, మొదటిసారి పొంగబోతుండగా దించేయండి. గేదె పాలు విడిగా పోయించుకునేవాళ్ళు మాత్రం తప్పకుండా కాచాలి. కాచి కాచి మీగడ కట్టిన పాలు వద్దు. కాచిన పాల వాసన కాఫీ వాసనని మింగేస్తుంది.

గ్లాసుని ముందు వేడినీళ్ళతో తొలవండి. చక్కెర, దాని మీద డికాక్షన్, దాని మీద కాస్త ఎత్తు నుంచి పాలు. చివరికి గ్లాసు నుంచి దవరాకి, దవరా నుంచి గ్లాసుకి మూడు నాలుగుసార్లు తిరగబోయండి. చక్కెర కరుగుతుంది, నురగ కడుతుంది, నాలుక కాలనంత వేడికి దిగుతుంది. కలిపాక మళ్ళీ పొయ్యి మీద పెట్టకూడదు. బెల్లం వేసుకునేవాళ్ళు పాలల్లో వేసి మరిగిస్తే విరిగిపోతాయి. బెల్లం పొడిని డికాక్షన్‌లో కరగనిచ్చి, పాలు ఒక నిమిషం చల్లారాక పోయండి.

విరగడం అంటే గుర్తొచ్చింది. ఒక సంక్రాంతికి అల్లుడు బెంగళూరు నుంచి వచ్చాడు. నేను వేపిన కాఫీ రుచి చూపించాలని తేలిక వేపు గింజలు దంచి, మాంచి పుల్లటి డికాక్షన్ వేశాను. ఇంట్లో తాజా పాలు లేవు, ముందురోజువే. పోయగానే గ్లాసులో పెరుగు తరకలు. తేలిక వేపు కాఫీలో ఆమ్లం ఎక్కువ, నిలవున్న పాలు అప్పటికే కొద్దిగా పులిసి ఉంటాయి, పైగా వేడి. మూడూ కలిస్తే అంతే. నాకు మొహం చెల్లలేదు. ఆ అబ్బాయి మాత్రం "మామయ్యగారూ, నాకు పాలు లేకుండా ఇచ్చేయండి" అని డికాక్షన్‌లో వేడినీళ్ళు కలిపించుకుని తాగాడు. తాగి, "నిమ్మ వాసన వస్తోందండీ" అన్నాడు. వెటకారమనుకున్నాను. నేనూ ఒక గుక్క తాగి చూస్తే నిజమే. నిమ్మతొక్క, చివర్లో బెల్లం లాంటి తీపి. అన్నేళ్ళు ఆ కొండల మధ్య ఉండి పాలు పోసి ఆ రుచిని కప్పేశానన్నమాట.

తర్వాతిసారి అతనే ఫ్రెంచ్ ప్రెస్ (జల్లెడ బిళ్ళని కిందికి నొక్కి వడకట్టే పాత్ర) తెచ్చిచ్చాడు. పాలు లేని కాఫీకి నాకు అది సులువు. కాస్త బరక పొడి 15 గ్రాములు, నీళ్ళు 250, నాలుగు నిమిషాలు, మెల్లగా నొక్కి వంచుకోవడమే. చికోరీ కలిసిన పొడి దీనికి పనికిరాదు. సాయంత్రం పూట ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇదే. మా ఆవిడ దీన్ని ఒక్కసారి రుచి చూసి "జ్వరానికి ఇస్తారా?" అని అడిగింది.

రోజుకి ఎన్ని అంటారా? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దన్నారు. 150 మిల్లీలీటర్ల కాఫీలో 80 నుంచి 120 దాకా ఉంటుందట. అంటే గట్టిగా మూడు కప్పులు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కూడా వద్దన్నారు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టదని. నేను రెండు దగ్గర ఆగుతాను. సాయంత్రం అయిదు దాటితే ముట్టను, నైట్ డ్యూటీలు అయిపోయాయి కదా.

కడగడం

నెలకోసారి పై గిన్నెని వెలుతురుకి ఎత్తి చూడండి. చిల్లులు చుక్కల్లా మెరవాలి. కొన్ని మూసుకుపోయి ఉంటే చెంచా వంట సోడా వేసిన నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, గట్టి బ్రష్‌తో వెనక వైపు నుంచి రుద్దండి. సూదితో పొడవకండి, చిల్లు పెద్దదై పొడి కిందికి జారుతుంది. రోజూ మాత్రం వేడినీళ్ళు చాలు. సబ్బు వాసన డికాక్షన్‌లో రెండు రోజులు వస్తుంది. పొడి పిప్పిని కుండీల్లో పల్చగా చల్లుకోవచ్చు, కుప్పగా పోస్తే బూజు పడుతుంది. సింకులో మాత్రం వద్దు, పైపు పట్టేస్తుంది.

మా అత్తగారి ఇత్తడి ఫిల్టర్ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. బయట చింతపండుతో తోమితే బంగారంలా వస్తుంది. కానీ లోపల కళాయి పూత పోయింది, కళాయి లేని ఇత్తడిలో కాఫీ నిలవుంచకూడదు. కళాయి వేసేవాళ్ళు మా వీధికి వచ్చి పదేళ్ళయింది. ఎవరైనా దొరికే దాకా అది అలమారలోనే.

నిన్న రాత్రి లెక్క: పొడి 28, నీళ్ళు 200, పదీ అయిదుకి పోశాను, దిగడానికి 26 నిమిషాలు. రెండు గ్రాములు తగ్గించిన సంగతి ఇంట్లో చెప్పలేదు. చివరి గడి ఇంకా ఖాళీగానే ఉంది, తను ఇంకా లేవలేదు.